తక్షుడు, తెక్తోన్, వడ్లవాడు

గత కార్తికమాసంలో మా నిడదవోలు శివాలయపు ద్వారబంధం బాగుచేయడానికి ఒక వడ్రంగి యువకుడు వచ్చాడు. పని ముగించి, పనిముట్లు సంచిలో సర్దుకుంటూ నన్నొక ప్రశ్న అడిగాడు. "పంతులుగారండీ, మా పక్కింటివారి బైబిలులో ఏసుప్రభువు వడ్లవాడని ఉందండి. అంటే మా పనేనాండీ, ధాన్యం వ్యాపారమాండీ?"

అక్కడున్న భక్తులు నవ్వారు. నవ్వవలసిన పనిలేదు. వరిచేల నడుమ బ్రతికే మనకు వడ్లు అనగానే గాదె గుర్తుకు రావడం సహజమే. అయితే ఆ మాటకు, ధాన్యానికి సంబంధం లేదు. సంస్కృతంలోని 'వర్ధకి' ప్రాకృతం మీదుగా తెనుగులోకి వచ్చి వడ్లంగి, వడ్రంగి అయినది. వడ్లవాడు ఆ కుటుంబంలోనిదే. అమరకోశం తక్ష, వర్ధకి, త్వష్ట, రథకార, కాష్ఠతక్ష అని కొయ్యపనివానికి ఐదు పేర్లు చెబుతున్నది. ఈ ఐదింటిలో మొదటిదానిని పాఠకులు గుర్తుంచుకోవాలి.

క్రైస్తవుల సువార్తలు గ్రీకుభాషలో వ్రాయబడినవి. అందు మార్కు సువార్త ఆరవ అధ్యాయంలో ఏసును, మత్తయి పదమూడవ అధ్యాయంలో ఆయన తండ్రిని సూచించే పదం 'తెక్తోన్'. కొత్త నిబంధన మొత్తంలో ఈ పదం ఈ రెండు చోట్లనే కనబడుతుంది. మన 'తక్షన్', వారి 'తెక్తోన్' ఒకే ప్రాచీన ధాతువునుండి పుట్టిన తోబుట్టువులని భాషాశాస్త్రజ్ఞులు నిర్ధారించారు. బాడిసతో చెక్కి రూపు తేవడమే ఆ ధాతువు భావం. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో తనను 'ఆర్కితెక్తోన్' అని చెప్పుకున్నాడు. నేటి ఆర్కిటెక్టు అనే మాటకు మూలం అదే.

ఇక్కడే వివాదం. ధాతువును పట్టుకొని, తెక్తోన్ అంటే ఏదైనా నిర్మించేవాడు కావచ్చు, తాపీపనివాడో గృహనిర్మాతో కావచ్చునని కొందరి వాదం. మన మీమాంసకులకు ఇటువంటి చిక్కు కొత్తది కాదు. వర్షఋతువులో రథకారుడు అగ్న్యాధానం చేయవలెనని శ్రుతి. రథకారుడంటే రథం చేసే ఎవడైనానా, ఆ పేరుతో ప్రసిద్ధమైన ఒక వర్గంవాడా? జైమిని ఆరవ అధ్యాయంలో దీనిని విచారించి, లోకప్రసిద్ధమైన రూఢి పదవిభజనవల్ల వచ్చే యోగార్థంకంటె బలమైనదని తేల్చాడు. అదే న్యాయం ఇక్కడా చెల్లుతుంది. యూదుల గ్రంథాల ప్రాచీన గ్రీకు అనువాదంలో కమ్మరిని చెప్పవలసివస్తే 'ఇనుము' అనే విశేషణం చేర్చి తెక్తోన్ అన్నారు. విశేషణం లేకుండా వాడితే వినేవారికి ముందుగా తోచేది కొయ్యపనివాడే. రెండవ శతాబ్దివాడైన జస్టిన్ ఏసు నాగళ్లు, కాడిమాన్లు చేసేవాడని వ్రాశాడు. అంటే మన ఊళ్లలో కల్లంలో మేర కొలిపించుకొన్న వడ్రంగి చేసిన పనే.

మరి ఆ మాటను దాచాలన్న ఆరాటం ఎందుకు? క్రైస్తవ విరోధి కెల్సస్ ఈ వృత్తిని ఎత్తిచూపి ఎగతాళి చేయగా, సంఘాలలో చదివే సువార్తలలో ఏసును స్వయంగా తెక్తోన్ అనలేదని మూడవ శతాబ్దిలో ఒరిజెన్ బదులు చెప్పాడు. కొన్ని ప్రాచీన ప్రతులలో 'తెక్తోన్ కుమారుడు' అనే పాఠం ఉన్నమాట నిజమే. ఇటీవల 1973లో గెజా వెర్మెష్ అనే పండితుడు, అరమాయికంలో వడ్రంగిని చెప్పే 'నగ్గార్' అనే మాటకు తాల్మూదులో విద్వాంసుడనే లాక్షణికార్థం ఉన్నదని గుర్తుచేశాడు. నాకీ అర్థం పొసగినట్లు తోచదు. ఇతనికింత జ్ఞానం ఎక్కడిదని సొంత ఊరివారు ఆశ్చర్యపడే సందర్భమది. విద్వాంసుడే అయితే ఆశ్చర్యమెందుకు? వడ్రంగి కాబట్టే వారు ఆశ్చర్యపోయారు, చిన్నచూపూ చూశారు.

చిన్నచూపు మాట వచ్చింది కనుక నా సంగతీ చెప్పాలి. నమకం నాలుగవ అనువాకంలో తక్షులకు, రథకారులకు, కుమ్మరులకు, కమ్మరులకు రుద్రరూపులుగా నమస్కారం ఉన్నది. సోమవారం అభిషేకాలు చేయించుకునేవారందరూ అది విన్నవారే. రథకారుని అగ్న్యాధాన మంత్రంలో ఋభువుల పేరున్నది. కేవలం పనితనంచేత అమరత్వం పొందిన దేవతలు వారు. ఇరవై ఏళ్ల వయసులో ఇవన్నీ స్వరం తప్పకుండా వల్లించేవాణ్ణి. గర్భగుడినుండి వెలుపలికి వచ్చి, అరుగుకు దిగువన నిలబడ్డ వృద్ధ వడ్రంగిని "ఏమోయ్, నువ్వింకా రాలేదేమి?" అని ఏకవచనంలో అదిలించేవాణ్ణి. ఆయనకు మా తండ్రిగారి వయసు. ఒక్కనాడూ ఆయన మారుమాట అనలేదు. నాకూ అందులో తప్పేమీ తోచలేదు. మంత్రం ఒకచోట, మనిషి ఒకచోట అన్నట్లు గడచిపోయింది.

ప్రశ్న అడిగిన యువకుడు ఆ వృద్ధుని మనుమడే. "మీ పనే నాయనా, అందులో సందేహం లేదు" అని చెప్పి అరుగుమీద కూర్చోమన్నాను. వాళ్ల తాతగారి బాడిస ఏమైందని అడిగాను. సంచిలోంచి తీసి చూపించాడు. ఇనుము పాతదే. పిడి మాత్రం రెండుసార్లు మార్చాడట.