గృహనామము – అభిజనము

ఆంధ్రుల గృహనామములలో గ్రామనామములనుండి పుట్టినవి పెక్కులు. నివాసము వేఱు, అభిజనము వేఱని పాణిని రెండు సూత్రములఁ దెలిపెను. తా నిపుడు వసించుచోటు నివాసము. పూర్వులు వసించినచోటు అభిజనము. తెలుఁగు గృహనామము ప్రాయికముగా రెండవదానినే చెప్పును.

సర్వేపల్లి రాధాకృష్ణపండితుఁడు 1888లో తిరుత్తణియందు జన్మించెను. పూర్వుల గ్రామము నెల్లూరు మండలములోని సర్వేపల్లి. వంశము దక్షిణమునకుఁ దరలినను పేరు వెంటవచ్చెను. తిరుత్తణి 1960లో మదరాసు రాష్ట్రమునఁ జేరినది. అభిజనము మాత్రము మాఱలేదు.

బూర్గుల రామకృష్ణారావుగారి విషయ మన్యవిధము. వారి తొల్లింటి గృహనామము పుల్లంరాజు. స్వగ్రామమైన బూర్గుల దానిని మఱపించి తానే గృహనామమై కూర్చుండెను. వారు 1899లోఁ బుట్టినదో, పడకల్లున. కావున ఇంటిపేరునుబట్టి జన్మస్థాన మూహించుట సాహసము.

ఇఁక రూపవిచారము. ఇ, టి, తి వర్ణములను చిన్నయసూరి యౌపవిభక్తికములనెను. ఏలూరు ‘ఏలూరి’ యగును. కొండవీడు ‘కొండవీటి’ యగును. అనఁగా గృహనామము షష్ఠ్యర్థమున నిలిచి, ‘ఆ యూరికిఁ జెందినవాఁడు’ అను నర్థము నిచ్చుచున్నది. ‘కొండవీటి’ తప్పని తలఁచి ‘కొండవీడు’ అని దిద్దుట సంస్కారము గాదు, అర్థనాశము. అయినను లోకము వ్యాకరణమునకు సర్వత్ర లోఁబడదు: ‘రాయప్రోలు’ మార్పులేకయే వాడుకనున్నది. ఉక్రెయిను దేశమునను ఇట్టి పద్ధతి కలదు. విష్నివెట్సు అను నూరివారు ‘స్కీ’ ప్రత్యయముతో విష్నెవెట్స్కీ లైరి. మన తద్ధితములకు దూరపుఁ జుట్టము!

ఒక్కపేరిటి గ్రామములు పలుచోట్ల నుండును. ఒక్క గృహనామము పలుకులములఁ గానవచ్చును. కావున వ్యాకరణము రూపమును జూపునే కాని త్రోవను జూపదు. త్రోవకై గోత్రము, మాన్యముల పత్రములు, వృద్ధుల మాట కావలయును.

సికింద్రాబాదునందలి సీతాఫల్‌మండిలో నీ యక్కఱ యధికము. మండి యనఁగా హిందూస్తానీలో అంగడి, పేరు సీతాఫలములది. చేరువనే లాలాగూడ రైల్వే కార్ఖానా యుండుటచే నుద్యోగార్థమై పలుప్రాంతములవా రచటఁ గాఁపురముండిరి. పత్రములలో గృహనామము ఏకాక్షరమైనపుడు ‘ఎస్’ అనునది సర్వేపల్లియో, సురవరమో, శ్రీపాదయో! పూర్తిపేరును, పూర్వగ్రామమును, తాలూకాతోఁగూడ వంశపత్రమున వ్రాసియుంచిన యింట మాత్రమే ఆ యక్షరమునకు అర్థము నిలుచును.