మెకంజీ దొర యింటిపేరు



కైఫీయత్తు అను మాట మీలో పలువురు వినియుందురు. ఊరి పుట్టుపూర్వోత్తరములను, దేవాలయముల, దానశాసనముల వృత్తాంతములను చెప్పు వ్రాతలవి. వానిని వ్రాయించి చేర్చినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ. ఆయన 1783లో మదరాసునకు వచ్చి, 1815లో హిందూదేశపు మొదటి సర్వేయరు జనరలై, 1821లో మరణించెను. ఈ పనిలో కావలి వేంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయనకు కుడిభుజములైరి. మన యూళ్ల చరిత్రను వెదకించిన యా దొర యింటిపేరును నేడు విచారింతము.

ఆయన జన్మస్థానము స్కాట్లండు పడమటి సముద్రమందలి లూయిస్ దీవి. అచటి భాష గేలిక్కు. అందు 'మాక్' అనగా కుమారుడు. 'కొయ్నియఖ్' పురుషనామము, సుందరుడని యర్థము. కావున 'సుందరుని కుమారుడు' అని యా యింటిపేరునకు భావము. స్త్రీకి 'మాక్' చెల్లదు. ఆమె పేరున 'నిక్' చేర్తురు.

మఱి జకారమెట్లు వచ్చెను? స్కాట్లండు వ్రాతలో పూర్వము యకారమును బోలిన ధ్వనికి 'యోఖ్' అను నక్షరముండెను. అచ్చుకూటములవారి యొద్ద అది లేకపోగా, రూపమున దానిని బోలిన 'జెడ్' అక్షరమును కూర్చిరి. చదువరులు కన్నట్లే పలికిరి. క్రమముగా వంశీయులును అట్లే పలుకసాగిరి.

మన యింటిపేర్లు పెక్కులు ఊరినుండి పుట్టినవి. బమ్మెర పోతన యింటిపేరు బమ్మెర గ్రామమును చెప్పును. కందుకూరు అను పేరు ఔపవిభక్తికమైన ఇకారము చేరి 'కందుకూరి' యగును. కందుకూరునకు చెందిన యని యర్థము. గేలిక్కు పేరు తండ్రిని చెప్పగా మనది ఊరిని చెప్పుచున్నది.

జూలూరుపాడు అడవిపల్లెలలోని కోయవారి యింటిపేరు గట్టును తెలుపును. మూడవ గట్టు, నాలుగవ గట్టు మున్నగు విభాగములలో ఒకే గట్టువారు అన్నదమ్ములు. వారిలో వారికి పెండ్లి కూడదు. అట్టి పేరు వ్రాతలో చెడినచో వావివరుసల ఆనవాలే చెడును.

నేడు బడి దాఖలాలోను, పట్టాదారు పాసుపుస్తకములోను, ఆధారు కార్డులోను ఇంటిపేరు ఒక్కొక్కచోట ఒక్కొక్క రీతిగా పడుట కలదు. కొన్నిట పొడియక్షరమే మిగులును. తండ్రి పత్రమున ఒకటి, కొడుకు పత్రమున మఱియొకటి యున్నచో వారసత్వము నిరూపించుటకు నానాయాతన పడవలయును. కావున పెద్దలారా, పిల్లను బడిలో చేర్చునాడే యింటిపేరును పూర్తిగా వ్రాయించి, చదివించుకొని వినుడు. ఒక్క యక్షరము తప్పినను అచటనే దిద్దింపుడు. పేరు వెనుకనున్న యూరిని, గట్టును మనుమలకు చెప్పియుంచుడు.