నీళ్ళలోని చేపకు గాలి కరువు

2017లో నార్వే తీరానికి ఎడంగా, ఫ్రోహావెట్ జలాల్లో ‘ఓషన్ ఫార్మ్ 1’ అనే ఉక్కు పంజరాన్ని నిలిపారు. వ్యాసం 110 మీటర్లు. పదిహేను లక్షల సాల్మన్ చేపలు పడతాయి. అప్పటిదాకా కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలైన ఫియోర్డులలో, అలల దెబ్బ తగలని చోట సాగిన పెంపకం బయటి సముద్రం వైపు జరుగుతోంది. కారణాలు తెలిసినవే. ఫియోర్డులలో చోటు లేదు, సముద్రపు పేను ఒక పంజరం నుంచి మరోదానికి వ్యాపిస్తోంది, 2023లో నార్వే సముద్ర పంజరాల్లో 16.7 శాతం సాల్మన్లు చనిపోయాయి. బయట నీరు శుభ్రంగా ఉంటుంది కానీ అలలు పెద్దవి. అందుకు ఇంజనీర్లు ఇష్టపడుతున్న ఉపాయం పంజరాన్ని నీటి కిందికి దించేయడం. లోతుకు పోయేకొద్దీ అల బలం తగ్గుతుంది, పేను పిల్లలు ఎక్కువగా పైపొరలోనే తిరుగుతాయి, ఒకే దెబ్బకు రెండు పిట్టలు. పంజరం వరకు ఈ లెక్క సరిగ్గానే ఉంది. చేప వరకు వచ్చేసరికి తప్పుతోంది. నీళ్ళలో ఉండేదాన్ని నీళ్ళలో ముంచితే నష్టమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. నష్టం ఉంది, ఎందుకంటే సాల్మన్ అప్పుడప్పుడూ పైకి వచ్చి గాలి మింగాలి.

ఆ గాలి ఊపిరికి కాదు, ఊపిరి పని మొప్పలు చూసుకుంటాయి. చేప కండ, ఎముక నీటికంటే బరువు, ఊరుకుంటే మునుగుతుంది. ఆ బరువును సరిచేసేది వెన్నెముక కింద పొడుగ్గా ఉండే పల్చని గాలితిత్తి. ఈత నేర్చుకునే పిల్లలకు వీపున కట్టే ఎండు సొరకాయ బుర్ర చేసే పనే ఇది, కాకపోతే చేపకు కడుపులో ఉంటుంది. తిత్తిని నింపుకునే పద్ధతి మాత్రం అన్ని చేపలకూ ఒకటి కాదు. కాడ్ చేప తిత్తి పూర్తిగా మూసుకుని ఉంటుంది, రక్తంలోంచి వాయువును పిండి లోపలికి వదిలే గ్రంథి దానికి ఉంది. సాల్మన్‌కు ఆ గ్రంథి లేదు. దాని తిత్తి నుంచి ఆహారవాహికలోకి ఒక సన్నని నాళం తెరుచుకుంటుంది. చేప పైకి ఎగిరో, ఒరిగి దొర్లో నోటినిండా గాలి తీసుకుని ఆ నాళంలోకి నెడుతుంది. ఇంకో దారి లేదు. ఇక లోతుకు పోతే పీడనం పని మొదలవుతుంది. పది మీటర్ల లోతున పీడనం రెట్టింపై తిత్తి సగానికి కుంచించుకుపోతుంది, ముప్పై మీటర్ల దగ్గర పావు వంతే మిగులుతుంది. అక్కడితో ఆగదు. ఒత్తిడికి గురైన ఆ వాయువు రక్తంలోకి ఇంకి, మొప్పల గుండా నీటిలోకి మెల్లగా జారిపోతూనే ఉంటుంది.

ఈ తిత్తి విషయంలో మహామహులే తప్పటడుగు వేశారు. చేప తన కండరాలతో తిత్తిని నొక్కి దిగుతుందని, వదులు చేసి పైకి లేస్తుందని 17వ శతాబ్దపు ఇటలీ శాస్త్రవేత్త బొరెల్లీ చెప్పాడు. వినడానికి ఎంత సబబుగా ఉందంటే, రెండు వందల ఏళ్ళు అదే చెల్లింది. 1870లలో ఫ్రాన్సులో అర్మాన్ మోరో ప్రయోగాలు చేసి కాదని తేల్చాడు. లోతు మారితే తిత్తి పరిమాణం దానంతటదే మారుతుంది, చేప నొక్కేదేమీ లేదు. డార్విన్ 1859లో గాలితిత్తే క్రమంగా ఊపిరితిత్తిగా మారిందని రాశాడు. జరిగింది తలకిందులని ఇప్పటి జీవశాస్త్రం అంటుంది. ఊపిరితిత్తి ముందు, గాలితిత్తి తర్వాత. అలా చూస్తే సాల్మన్ గాలి మింగడం ఆ పాత ఊపిరి అలవాటుకు కొనసాగింపు. నలభై కోట్ల ఏళ్ళకు పైబడిన వారసత్వం కాబట్టి పంజరం మార్చినంత మాత్రాన పోదు.

గాలి అందకపోతే సాల్మన్‌కు నష్టమేననడానికి గట్టి రుజువు నార్వే పరిశోధకులు 2009లో ప్రచురించారు. చలికాలంలో పెద్ద పంజరాలను పది మీటర్ల కిందికి దించి ఆరు వారాలు ఉంచారు. కొలిచిన తీరు ముచ్చటగా ఉంటుంది. నీటిలో ధ్వనిని పంపితే చేప నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిలో పెద్ద వాటా గాలితిత్తిదే, కాబట్టి ప్రతిధ్వని తగ్గితే గాలి తగ్గినట్టు. అది రోజురోజుకూ తగ్గుతూ వచ్చి సుమారు మూడు వారాలకు అయిదు శాతానికి దిగువకు పడిపోయింది. తిత్తులు దాదాపు ఖాళీ. పైన ఉన్న చేపలతో పోలిస్తే ఇవి 1.3 నుంచి 1.4 రెట్లు వేగంగా ఈదాయి. విమానం రెక్కకు ఉన్నట్టే చేప రొమ్ము రెక్కలకూ ముందుకు కదిలితేనే పైకి లేపే బలం వస్తుంది, ఆగితే మునకే. రాత్రిపూట సాల్మన్లు సహజంగా నెమ్మదిస్తాయి. అప్పుడు ఇవి తల పైకి, తోక కిందికి సుమారు 26 డిగ్రీలు వాలి, పడిపోకుండా తోకతో తన్నుకుంటూ గడిపాయి. మేత తగ్గింది, ఎదుగుదల తగ్గింది, తోక దగ్గరి వెన్నుపూసలు నొక్కుకుపోయాయి. పగలూ రాత్రీ విశ్రాంతి లేని బతుకు ఎముక మీద రాసిన రాత అది.

సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే సాల్మన్లు వందల మీటర్ల లోతుకు దిగుతాయి కదా అని కొందరంటారు. దిగుతాయి, తమకు తోచినప్పుడు పైకి వస్తాయి కూడా. మునిగిన పంజరానికి పైకప్పు వల ఉంటుంది, తేడా అంతా అక్కడే. తుఫాను రెండు మూడు రోజులే కదా అనేది ఇంకొంచెం బరువైన వాదన. నిజమే, తిత్తి ఖాళీ కావడానికి వారాలు పడుతుంది కనుక కొద్ది రోజుల మునకను ఆరోగ్యంగా ఉన్న చేప తట్టుకుంటుంది. కానీ పేను కోసం ముంచేవాళ్ళు నెలల తరబడి ముంచాలనుకుంటున్నారు. ఇక మూడో మాట: బయటి సముద్రంలో ప్రవాహం ఎప్పుడూ ఉంటుంది కనుక చేప కదలకున్నా రెక్కలకు పైకి లేపే బలం అందుతుందని. ఈ మాటలో సగమే నిజం. ఫారో దీవుల పంజరాల్లో గమనించారు, ప్రవాహం తక్కువగా ఉన్నప్పుడు గుండ్రంగా తిరిగే మంద, అది పెరిగేకొద్దీ వలయం చెదిరి ప్రవాహానికి ఎదురు నిలుస్తుంది. అప్పుడు వేగాన్ని నిర్ణయించేది చేప కాదు, సముద్రం. ఖాళీ తిత్తితో ఎదురీదే చేప తేలడానికీ, వలకు కొట్టుకోకుండా ఉండడానికీ అదే కండను ఖర్చుపెట్టాలి.

మందు మాత్రం తేలికైనదే. పంజరం లోపల బోర్లించిన గుమ్మటం ఒకటి కట్టి పైనుంచి గాలి నింపితే చాలు. 2012లో ప్రచురించిన ప్రయోగంలో సాల్మన్లు దాన్ని త్వరగానే కనిపెట్టి అక్కడే గాలి మింగసాగాయి. ఇంకో లాభం ఉంది. పదిహేను మీటర్ల లోతున మింగిన గాలి ఆ లోతు పీడనంలోనే ఉంటుంది కాబట్టి అక్కడికి అక్కడ బరువు సరిపోతుంది. పంజరాన్ని పైకి లాగితే ఆ గాలి రెండున్నర రెట్లు ఉబ్బుతుంది. కాడ్‌కు తిత్తి పగిలే ప్రమాదం ఉంది, సాల్మన్ మాత్రం అదే నాళం గుండా బుడగలు వదిలేసి తేలికపడుతుంది. ఇంత వెసులుబాటున్న చేపకు గాలి అందకుండా చేయడం మన నిర్లక్ష్యమే.

నిబంధనల మాటకొస్తే, నార్వేలో తేలే పంజరాల సాంకేతిక ప్రమాణం ఎన్‌ఎస్ 9415 చేపలు తప్పించుకోకుండా చూడడానికి పుట్టింది, వలా తాళ్ళూ లంగర్లూ దాని లోకం. కొత్త పరికరం చేప సంక్షేమానికి తగినదని వాడకముందే చూపాలని అక్కడి పెంపకం నిబంధనల్లో ఉంది. ఆ నిబంధనను మునక పంజరాలకు అక్షరాలా వర్తింపజేయాలి. గాలి గుమ్మటం లేని పంజరాన్ని వారాల తరబడి ముంచడానికి అనుమతి ఇవ్వకూడదు, గుమ్మటం ఉన్నచోట చేపలు దాన్ని వాడుతున్నాయో లేదో ప్రతిధ్వనితో కొలిచి చూపించాలి. ఆ కొలిచే పద్ధతి 2009 నుంచీ చేతిలోనే ఉంది.