బరిలో కాదు.. బ్రూడర్‌లో ఉంది భవిత!

సంక్రాంతి దగ్గర పడుతోందంటే చాలు.. గోదావరి జిల్లాల్లో కాకి, డేగ, నెమలి, పర్ల అన్న మాటలే వినపడతాయి. ఇవి వేర్వేరు జాతులు కావు. ఈకల రంగును బట్టి పుంజులకు మనవాళ్లు పెట్టుకున్న పేర్లు. ఆ పందెం పుంజుల వెనకున్న జాతి పేరు అసీల్. డిగ్రీ చేతికొచ్చింది, ఊళ్లోనే ఏదైనా మొదలుపెడదామా అని ఆలోచిస్తున్నారా? అయితే ఈ కోడి కథ మీకు పనికొస్తుంది.

అసలైన జాతి

'అసీల్' అరబిక్ మాట. మేలుజాతిది, అసలైనది అని అర్థం. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో దీన్ని దేశీ జాతిగా నమోదు చేసింది. స్వస్థలాలు ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్.

చూడగానే గుర్తుపట్టొచ్చు. నిటారుగా నిలబడుతుంది. పొడవాటి మెడ, బలమైన కాళ్లు, ఒంటికి అతుక్కున్నట్టుండే గట్టి ఈకలు. తల మీద తురాయి చాలా చిన్నది. బాగా ఎదిగిన పుంజు 4 నుంచి 5 కిలోలు, పెట్ట 3 నుంచి 4 కిలోలు తూగుతాయి. గుడ్లు మాత్రం తక్కువే, ఎదుగుదలా నెమ్మదే. కానీ పెట్ట చక్కగా పొదుగుతుంది, పిల్లల జోలికొస్తే ఊరుకోదు.

పోట్లాటలో ఓడి.. ప్రపంచాన్ని గెలిచి

19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ పెంపకందారులు మన దేశం నుంచి వెళ్లిన అసీల్‌ను అక్కడి పందెం కోళ్లతో సంకరం చేశారు. ఇంకా గట్టిగా పోరాడే పుంజు వస్తుందని వాళ్ల ఆశ. వచ్చింది మాత్రం బరువైన, మందకొడి పక్షి. పోట్లాటకు పనికిరాలేదు. కానీ రొమ్ము మాంసం బ్రహ్మాండంగా పట్టింది! మొదట 'ఇండియన్ గేమ్' అని పిలిచిన ఆ జాతే తర్వాత 'కార్నిష్' అయింది.

1948లో అమెరికాలో 'చికెన్ ఆఫ్ టుమారో' పేరుతో మేలైన మాంసపు కోడి కోసం జాతీయ పోటీ జరిగింది. కాలిఫోర్నియాకు చెందిన చార్లెస్ వాంట్రెస్ ఎర్ర కార్నిష్‌తో చేసిన సంకరం అందులో గెలిచింది. నేటి బ్రాయిలర్‌కు తండ్రి వైపు మూలం కార్నిషే. అంటే ఆదివారం మీ ఇంట్లో ఉడికే కోడిలోనూ ఎంతోకొంత అసీల్ రక్తం ఉందన్నమాట. ఒక పనికి పనికిరానిది ఇంకో పనికి రాజైంది.

మన దగ్గరా ఈ పని సాగుతోంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం అసీల్‌ను కాపాడుతూ మెరుగుపరుస్తోంది. పెరటి పెంపకానికి వనరాజా, గ్రామప్రియ కోళ్లను ఇచ్చిందీ ఈ సంస్థే. ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ అసీల్ సంకరంతో 'కారీ నిర్భీక్'ను తయారుచేసింది.

మరి మీకు ఉపాధి ఎక్కడ?

బరిలో కాదు. జంతుహింస నిరోధక చట్టం-1960 ప్రకారం కోళ్లను పోట్లాటకు దింపడం నేరం. మూడు రోజుల పండగను నమ్ముకుని కేసుల్లో ఇరుక్కోకండి.

బ్రాయిలర్‌తో పోటీపడటం కూడా కుదరదు. అది ఆరు వారాల్లో రెండు కిలోలు దాటుతుంది. అసీల్‌కు నెలలు పడుతుంది. మేతంతా కొని పెడితే మీకు మిగిలేది ఉండదు. తిరిగి మేసే చోటు ఉండాల్సిందే.

అసలు అవకాశం పిల్లల సరఫరాలో ఉంది. రోజు పిల్లల్ని తెచ్చుకున్నవాళ్లు మొదటి నెలలోనే చాలా పోగొట్టుకుంటారు. బ్రూడర్ వేడిలో నెల పాటు సాకి, టీకాలు వేయించి అమ్మితే కొనేవాళ్లకు ఆ బెంగ ఉండదు. దీన్నే మదర్ యూనిట్ అంటారు. గ్రామీణ కోళ్ల మాతృ ఫారం, హ్యాచరీ, మదర్ యూనిట్ కలిపి పెట్టేవారికి జాతీయ పశుసంపద మిషన్ 2021-22లో మార్చిన మార్గదర్శకాల్లో 50 శాతం రాయితీ ఉంది, గరిష్ఠంగా రూ.25 లక్షలు. రెండు విడతల్లో ఇస్తారు, మిగతాది మీదో బ్యాంకుదో. దరఖాస్తుకు ముందు తాజా నిబంధనలు పశుసంవర్ధక శాఖ కార్యాలయంలో అడగండి.

చిన్నగా మొదలుపెట్టండి

- ఒక పుంజు, ఐదారు పెట్టలు చాలు. గుడ్లు పొదగడానికి 21 రోజులు.
- మొదటి వారంలో రాణీఖేత్ (కొక్కెర) టీకా తప్పనిసరి. గంబోరో, మశూచి టీకాల తేదీలు పశువైద్యుణ్ని అడిగి రాసుకోండి.
- పుంజులు ఎదిగేకొద్దీ ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. వేరువేరుగా ఉంచండి.
- ఏ పుంజుకు ఏ పెట్ట, ఎప్పుడు పుట్టిన పిల్లలు.. అన్నీ రిజిస్టర్‌లో రాయండి. ఒకే తల్లి పిల్లల్ని జత కట్టించొద్దు. జాతి స్వచ్ఛతకు మీరు చూపగలిగే రుజువు ఆ పుస్తకమే.
- 'పిల్లలు మేమే ఇస్తాం, మేమే కొంటాం' అనే కంపెనీ మాటలకు అడ్వాన్సు కట్టకండి. ఈము పక్షుల్ని నమ్మి అప్పులపాలైన రైతులు మన జిల్లాల్లోనే ఉన్నారు.

దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో శిక్షణ ఉందేమో కనుక్కోండి. తర్వాత ఆరు నెలలు పెరట్లో పెంచి చూడండి. ఎన్ని గుడ్లు పొదిగించారు, ఎన్ని పిల్లలయ్యాయి, నెల తర్వాత ఎన్ని మిగిలాయి? ఈ మూడు అంకెలు మీ దగ్గరుంటే బ్యాంకు మేనేజర్ ముందు తడబడక్కర్లేదు. అవి బాగోలేదంటే, అప్పు చేయకముందే ఆ సంగతి తెలిసిపోతుంది.