నడుము డిస్కు వ్యాధి – వ్యాయామ చికిత్స

మానవుడు నిటారుగా నిలిచి నడవడం వల్ల చేతులకు స్వేచ్ఛ లభించింది. నడుముకు భారం పెరిగింది. తల, భుజాలు, మొండెం, చేతులతో ఎత్తే బరువులు – వీటన్నిటి భారం చివరకు నడుములోని ఐదు వెన్నుపూసల మీదనే పడుతుంది. అందుచేతనే నడుమునొప్పి ఎరుగని ఇల్లు అరుదు. ఆ నొప్పులలో ఒక రకం, అనగా డిస్కు పొడుచుకు వచ్చి కాలిలోకి వెళ్ళే నాడిని ఒత్తడం వల్ల కలిగే బాధను గురించి, దానికి చేసే వ్యాయామ చికిత్సను గురించి ఈ వ్యాసంలో వివరించదలిచాము. ఈ బాధ కలిగినవారిని ఇంటివారు ప్రేమతోనే మంచానికి పరిమితం చేస్తారు. కాని ఆ విశ్రాంతి దీర్ఘకాలం సాగితే రోగికి కీడే చేస్తుంది. ఈ విషయాన్ని మన విద్యార్థులు గ్రహించి తమ ఇళ్ళలో చెప్పగలిగితే మా ప్రయత్నం సఫలమైనట్లే.

డిస్కు స్వరూపం

వెన్నెముకలో మొత్తం 33 పూసలు ఉన్నాయి. మెడలో 7, వీపులో 12, నడుములో 5 ఉండగా, వాటి క్రింది పూసలు పెద్దవారిలో ఒకదానితో ఒకటి అతుక్కొని త్రికాస్థిగాను, దాని కొనగాను ఏర్పడతాయి. పూసల నడుమ మెత్తని దిండ్ల వంటి డిస్కులు 23 ఉంటాయి. డిస్కు వెలుపలి భాగం గట్టి నారపొరలతో, ఉల్లిపాయ పొరలవలె వలయాలుగా అమరి ఉంటుంది. లోపల నీరు అధికంగా గల జిగురు వంటి పదార్థం ఉంటుంది. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీటిని పీల్చుకొంటాయి. పగలు బరువు పడుతున్న కొద్దీ కొంత నీటిని కోల్పోతాయి. ఉదయం మనం సాయంకాలం కంటే కొద్దిగా పొడవు ఉండడానికి కారణం ఇదే.

వయస్సు వల్లనో, పదేపదే వంగి బరువులెత్తడం వల్లనో, వంశపారంపర్యంగా వచ్చే బలహీనత వల్లనో బయటి నారపొరలు చిట్లినప్పుడు లోపలి పదార్థం ఆ సందు గుండా వెనుకకు పొడుచుకు వస్తుంది. దీనినే లోకంలో "డిస్కు జారింది" అంటారు. నిజానికి డిస్కు తన స్థానం వదిలి ఎక్కడికీ జారదు. పైపూసకు, క్రిందిపూసకు అది గట్టిగా అతుక్కొని ఉంటుంది. ఈ పేరు వల్ల ఒక చిక్కు ఉన్నది. జారినదానిని తిరిగి లోపలికి నెట్టవచ్చునని జనం భావిస్తారు. ఎదురుకాళ్ళతో పుట్టినవారి చేత నడుముపై తన్నించుకోవడం, వీపు మీద మనిషిని నిలబెట్టి తొక్కించుకోవడం మన పల్లెలలో తెలిసినవే. సాధారణమైన పట్టుకు వీటివల్ల ఉపశమనం కలిగినట్లు తోచవచ్చు. డిస్కు చిట్లి నాడి వాచి ఉన్నప్పుడు మాత్రం ఇవి ప్రమాదకరం.

కాలికి నొప్పి ఎందుకు?

ఈ వ్యాధి ఎక్కువగా నడుములోని 4వ, 5వ పూసల మధ్యగాని, 5వ పూసకు త్రికాస్థికి మధ్యగాని వస్తుంది. అక్కడి నుండి వెలువడే నాడీమూలాలు పిరుదు, తొడ వెనుకభాగం, పిక్క, పాదం వరకు వెళ్తాయి. పొడుచుకు వచ్చిన పదార్థం నాడీమూలాన్ని ఒత్తుతుంది; అంతేగాక తనలోని రసాయనాలతో దానిని వాచిపోయేటట్లు చేస్తుంది. గాయం నడుములో ఉన్నా నొప్పి, తిమ్మిరి, మంట పాదం దాకా ప్రాకడానికి ఇదే హేతువు. వైద్యుడు రోగిని వెల్లకిల పడుకోబెట్టి, మోకాలు వంగకుండా కాలును పైకెత్తి చూస్తాడు. కొంత ఎత్తుకు రాగానే నొప్పి మోకాలి దిగువకు ప్రాకితే నాడి ఒత్తిడికి గురైనదని ఊహిస్తాడు.

ఈ బాధ ప్రాచీనమైనది. ఆయుర్వేదం దీనిని గృధ్రసి అన్నది. రోగి నడక గ్రద్ద నడకను పోలి ఉండడం చేత ఆ పేరు వచ్చిందంటారు. యునానీ వైద్యులు దీనికి ఇర్ఖున్నసా అని పేరు పెట్టారు. పాశ్చాత్యులు సయాటికా అన్నారు. పేర్లు పాతవే అయినా, చిట్లిన డిస్కు దీనికి ప్రధాన కారణమన్న సంగతిని 1934లో అమెరికాలోని బోస్టన్ నగరంలో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు శస్త్రవైద్యులు స్పష్టంగా నిరూపించారు.

మంచం విశ్రాంతి – మారిన అభిప్రాయం

ఆ తరువాత అనేక దశాబ్దాలు రోగులను చెక్కబల్ల మీద వారాల తరబడి పడుకోబెట్టడమే చికిత్సగా సాగింది. 1986లో అమెరికాలో 203 మంది నడుమునొప్పి రోగులపై జరిగిన పరిశోధన ఈ ఆచారాన్ని ప్రశ్నించింది. రెండు రోజుల విశ్రాంతి సలహా పొందినవారు, ఏడు రోజుల సలహా పొందినవారితో సమానంగా కోలుకొన్నారు. పైగా పనికి తక్కువ రోజులు గైరుహాజరైనారు. 1999లో నెదర్లాండ్స్ వైద్యులు కాలికి ప్రాకే నొప్పి గల 183 మందిని పరిశీలించారు. మంచాన పడుకున్నవారిలోను, యథాశక్తి తిరుగాడినవారిలోను 12 వారాల తరువాత నూటికి 87 మంది మెరుగుపడ్డారు. అంటే మంచం వల్ల అదనంగా ఒరిగిన మేలు ఏమీ లేదు.

మంచం వల్ల నష్టం మాత్రం ఉన్నది. వెన్నును పట్టి నిలిపే కండరాలు వాడకం లేక త్వరగా క్షీణిస్తాయి. పెద్దవారి డిస్కు లోపలికి రక్తనాళాలు చేరవు. పక్కల నుండి మెల్లగా ఊరే ద్రవమే దానికి ఆహారం. కదలిక ఆ పోషణకు తోడ్పడుతుంది. అన్నిటికంటె మించి, పడుకున్న కొద్దీ "నా నడుము ఇక పనికిరాదు" అన్న భయం మనస్సులో నాటుకొంటుంది. రోజు కూలితో బ్రతికేవారికి, కుట్టుపని, బరువులు మోసే పని చేసేవారికి ఈ భయం నొప్పి కంటె ఎక్కువ నష్టం కలిగిస్తుంది.

ధైర్యం కలిగించే సంగతులు రెండు ఉన్నాయి. మొదటిది: బయటికి వచ్చిన డిస్కు పదార్థాన్ని శరీరంలోని భక్షక కణాలు పరాయి వస్తువుగా గుర్తించి క్రమంగా హరిస్తాయి. పెద్దగా చిట్లి బయటపడినవే తరచుగా ఎక్కువ కుంచించుకుపోతాయి. రెండవది: ఎం.ఆర్.ఐ. చిత్రంలో కనిపించిన ప్రతి ఉబ్బూ వ్యాధి కాదు. ఏ నొప్పీ లేని 3110 మంది చిత్రాలతో కూడిన 33 పరిశోధనలను 2015లో క్రోడీకరించి చూడగా, 20 ఏళ్ళ వయస్సులోనే నూటికి 30 మందికి, 80 ఏళ్ళ వయస్సులో 84 మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. కనుక నివేదికలోని మాటలను చూచి హడలిపోనక్కరలేదు.

చికిత్స సాగే తీరు

ఉదాహరణకు నలభై ఏళ్ళ దర్జీ ఒకరికి ఈ బాధ కలిగిందనుకుందాం. ఫిజియోథెరపిస్టు ఆయనకు చేసే చికిత్సను మూడు దశలుగా చెప్పుకోవచ్చు.

మొదటి దశలో నొప్పిని శాంతింపజేయాలి. వైద్యుడిచ్చిన మందులతోపాటు, హాయినిచ్చే భంగిమను వెదకాలి. కొందరికి వెల్లకిల పడుకొని పిక్కలను కుర్చీ మీద ఆనించితే సుఖం; కొందరికి బోర్ల పడుకుంటే సుఖం. రెండు మూడు రోజులు ఎక్కువ సేపు పడుకోవలసి వచ్చినా, గంటకొకసారి లేచి కొద్ది నిమిషాలు నడవాలి. ఎక్కువసేపు కూర్చోవడం, ముఖ్యంగా ముందుకు వంగి కూర్చోవడం ఈ దశలో తగదు.

భంగిమను ఎన్నుకొనడంలో న్యూజిలాండ్ దేశస్థుడైన రాబిన్ మెకంజీ పేరు చెప్పుకోవాలి. 1956లో వెల్లింగ్టన్ నగరంలోని ఆయన చికిత్సాలయంలో, కాలినొప్పి గల ఒక రోగి తలవైపు ఎత్తి ఉంచిన బల్ల మీద పొరపాటున బోర్ల పడుకున్నాడు. నడుము వెనుకకు వంగిన ఆ స్థితిలో కొద్ది నిమిషాలకే వారాల నాటి కాలినొప్పి తొలగిందట. మెకంజీ దీనినుండి ఒక పద్ధతిని రూపొందించాడు. రోగి బోర్ల పడుకొని, మొదట మోచేతులపైన, ఆపైన అరచేతులపైన ఆని, తుంటిని బల్లకు వదిలి ఛాతీని పైకెత్తుతాడు. నొప్పి పాదం నుండి పిక్కకు, పిక్క నుండి తొడకు, తొడ నుండి నడుముకు వెనుదిరిగితే అది శుభసూచకం. అప్పుడు నడుములో నొప్పి కాస్త పెరిగినా భయం లేదు. నొప్పి క్రిందికి దిగితే ఆ వ్యాయామాన్ని వెంటనే మానాలి. ఇది అందరికీ సరిపడదు. నాడీమార్గం ఇరుకైన వృద్ధులకు తరచుగా ముందుకు వంగినప్పుడే ఉపశమనం కలుగుతుంది. ఎవరికి ఏది తగునో పరీక్షించి చెప్పడమే ఫిజియోథెరపిస్టు విద్య.

రెండవ దశలో బలం కూర్చాలి. వెల్లకిల పడుకొని మోకాళ్ళు మడిచి తుంటిని పైకెత్తడం ఒకటి. చేతులు, మోకాళ్ళపై నిలిచి, కుడిచేతిని ఎడమకాలిని, పిదప ఎడమచేతిని కుడికాలిని చాచడం మరొకటి. పక్కకు తిరిగి మోచేతిపై, మోకాళ్ళపై ఆని తుంటిని నేలనుండి ఎత్తడం ఇంకొకటి. ఒక్కొక్క భంగిమను సుమారు పది క్షణాలు నిలిపి, విశ్రమించి, మళ్ళీ చేయాలి. కుర్చీలో కూర్చొని మోకాలిని మెల్లగా చాచి వెంటనే వెనుకకు తెచ్చే కదలిక నాడికి సాఫీగా జారే గుణాన్నిస్తుంది. దీనిని బలవంతంగా లాగిపట్టరాదు. నడకను క్రమంగా అరగంటకు పెంచాలి.

మూడవ దశ వృత్తికి తిరిగి రావడం. దర్జీ మొదట రోజుకు రెండు మూడు గంటలే మిషను మీద కూర్చోవాలి. అరగంటకొకసారి లేచి నడుమును వెనుకకు విరవాలి. పీట ఎత్తు సరిచూసుకోవాలి. బరువెత్తడం శాశ్వతంగా నిషిద్ధం కాదు. సగం బకెట్టు నీటితో మొదలుపెట్టి, బరువును శరీరానికి దగ్గరగా పట్టుకొని, మోకాళ్ళు వంచి లేవడం అలవాటు చేసుకొంటే వారాలలో సామర్థ్యం తిరిగి వస్తుంది. నిద్ర లేవగానే డిస్కు నీటితో బిగువుగా ఉంటుంది కనుక, మొదటి గంటలో బాగా వంగి ఇల్లు ఊడ్చడం, గ్యాసు సిలిండరు ఎత్తడం వంటివి వాయిదా వేయడం మంచిది.

చాలామంది ఆరు నుండి పన్నెండు వారాలలో మెరుగుపడతారు. నొప్పి తగ్గగానే వ్యాయామాన్ని మానివేయడం తగదు. ఈ వ్యాధికి తిరగబెట్టే స్వభావం ఉన్నది.

ఇక నడుము లాగే యంత్రాలు, విద్యుత్ పరికరాలు, నడుముపట్టీల సంగతి. తాత్కాలికంగా సుఖం ఇచ్చినా, ఇవి వ్యాధిని నయం చేస్తాయనడానికి తగిన ఆధారం లేదు. బ్రిటన్‌లోని ఆరోగ్య ప్రమాణాల సంస్థ 2016లో వీటిని ఇవ్వవద్దని సూచించి, వ్యాయామానికి ప్రాధాన్యం ఇచ్చింది. పరికరం క్రింద పడుకోబెట్టి, ఒక్క వ్యాయామమైనా నేర్పకుండా పంపే చోట డబ్బు ఖర్చు చేయడానికి ముందు ఆలోచించాలి. మన దేశంలో 2021 నాటి చట్టం ఫిజియోథెరపీని గుర్తించిన ఆరోగ్యవృత్తులలో చేర్చింది. కనుక చికిత్సకుని అర్హతను అడగడానికి సంకోచించనక్కరలేదు.

ఆలస్యం తగని లక్షణాలు

మూత్రం రాకపోవడం లేదా అదుపు తప్పడం, మలవిసర్జనపై అదుపు పోవడం, జననాంగాల చుట్టూ, తొడల లోపలివైపు స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్ళూ బలహీనపడడం – వీటిలో ఏది కనిపించినా వ్యాయామాల జోలికి పోక, తెల్లవారేదాకా ఆగక, ఆ గంటలోనే పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. పాదం పైకి లేవక వ్రేలాడుతుంటే కూడా వైద్యునికి వెంటనే చూపాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిపూట వదలని నొప్పి ఉంటే వెన్నుపూసల క్షయ వంటి ఇతర వ్యాధులు ఉన్నవేమో పరీక్షించాలి.

శస్త్రచికిత్సను నిందించడం మా ఉద్దేశం కాదు. 2007లో నెదర్లాండ్స్‌లో 283 మంది రోగులను రెండు వర్గాలుగా చేసి చూచారు. త్వరగా శస్త్రచికిత్స పొందినవారికి కాలినొప్పి శీఘ్రంగా తగ్గింది. రెండవ వర్గంలో నూటికి 39 మందికి ఏడాదిలోగా శస్త్రచికిత్స అవసరమైంది. మిగిలినవారికి అవసరమే రాలేదు. ఏడాది చివర రెండు వర్గాలలోను నూటికి 95 మంది కోలుకొన్నారు. కనుక పై ప్రమాద లక్షణాలు లేనివారు, నొప్పిని ఓర్చుకొనగలిగినవారు అప్పుచేసి ఆపరేషనుకు తొందరపడనక్కరలేదు. వారాలు గడిచినా నొప్పి భరించరానిదైతే శస్త్రచికిత్సకు వెనుదీయనూ అక్కరలేదు.

నడుము పట్టి పడుకున్న బంధువును చూడబోయినప్పుడు "కదలకండి, పడుకోండి" అని చెప్పి రావడం మన మర్యాద. ఇకమీదట, ప్రమాద లక్షణాలు లేవని తెలిసిన తరువాత, వారికి చేయూతనిచ్చి లేపి, వాకిలి దాకా నాలుగడుగులు తోడు నడిచి వద్దాం. ఆ పరామర్శ వారికి మందుతో సమానం.