మా పిల్లవాడు ఫిజిక్స్ చదువుతానంటున్నాడు... చదివించవచ్చా?



“ఫిజిక్స్ చదివితే ఏమొస్తది మేడం?” అని పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది అడుగుతుంటారు. మంచి ఉద్యోగమే వస్తుంది, కాకపోతే ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యం ఎంతో ముందే తెలిస్తే ఇంట్లో నిర్ణయం తీసుకోవడం తేలిక.

కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం గారు హైదరాబాద్ నిజాం కాలేజీలో ఫిజిక్స్ చదివి, 1928లో సి.వి.రామన్ దగ్గర పరిశోధన కోసం కలకత్తా వెళ్లారు. తర్వాత ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా, బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్‌గా పనిచేశారు.

ఇప్పుడు దారులు ఎక్కువే ఉన్నాయి. ఇంటర్ ఎంపీసీ తర్వాత తిరుపతి, బరంపురం వంటి ఐసర్‌లలో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చేయవచ్చు. దానికి ఐఏటీ రాయాలి. భువనేశ్వర్ నైసర్‌కు నెస్ట్ పరీక్ష ఉంటుంది. మామూలు డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చేసినవారు కూడా ‘జామ్’ రాసి ఐఐటీల్లో ఎంఎస్సీ చేరవచ్చు.

ఒక జాగ్రత్త. ఐఏటీలో 60 ప్రశ్నలకు 15 బయాలజీవే. ఎంపీసీ పిల్లలు తడబడేది అక్కడే. కాబట్టి “ఎలాగూ ఎంపీసీనే కదా” అని పదో తరగతి బయాలజీని వదిలేయనివ్వకండి.

ఇక వయసు లెక్క. ఎంఎస్సీ అయ్యేసరికి 22, 23 ఏళ్లు. పీహెచ్‌డీకి మరో ఐదారేళ్లు. ఆ తర్వాత కూడా చాలామంది రెండు మూడేళ్లు పోస్ట్ డాక్టరేట్ చేయాల్సి ఉంటుంది. అంటే తోటి స్నేహితులు ఇంజినీరింగ్ అయి జీతం తెస్తున్నప్పుడు మీ అబ్బాయో అమ్మాయో ఇంకా ల్యాబ్‌లోనే ఉంటారు. అయితే నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆపై రూ.42,000 ఫెలోషిప్ అందుతుంది. ఇంటి మీద భారం పడదు. పీహెచ్‌డీ వద్దనుకుంటే, ఎంఎస్సీతోనే బార్క్ ట్రైనింగ్ స్కూల్‌కు ఎంపికై, ఏడాది శిక్షణ తర్వాత సైంటిఫిక్ ఆఫీసర్ కావచ్చు.

మార్కులొక్కటే చూడకండి. రాని లెక్కను వదలకుండా రెండు రోజులైనా పట్టుకుని కూర్చుంటున్నారా, ఆన్సర్ వచ్చాక కూడా “ఎందుకలా?” అని అడుగుతున్నారా గమనించండి. ఈ చదువుకు కావాల్సింది ఆ ఓపికే. అది కనిపిస్తే, ఇంటర్ అడ్మిషన్‌కు ముందే ఈ లెక్కంతా ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. నాన్న గల్ఫ్‌లో ఉంటే ఫోన్‌లోనైనా వివరంగా చెప్పండి.