నిద్ర సుఖమెరుగదు – నిజమేనా?

'ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు.' ఈ సామెత మీ నాయనమ్మ నోట మీరు వినే ఉంటారు. బాగా అలసిన మనిషికి మెత్తని పరుపు అక్కర్లేదని, ఎక్కడైనా నిద్రపోతాడని దీని అర్థం. మాట నిజమే. కానీ ఎంతసేపు నిద్రపోతాడు? లేచాక ఎలా పని చేస్తాడు? ఆ సంగతి సామెత చెప్పదు. దుబాయ్‌లోని డేరా చెబుతుంది.

డేరా అనగానే అందరూ బంగారు బజారు గురించి, క్రీక్ మీద తిరిగే అబ్రా పడవల గురించి చెబుతారు. మీరు నైఫ్, రిగ్గా, మురక్కబాత్ వీధుల్లో కూడా ఒకసారి నడవండి. అక్కడ మీకు తెలుగు వినబడుతుంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ల మాటలవి.

వాళ్లలో చాలామంది 'బెడ్ స్పేస్'లో ఉంటారు. అంటే అద్దెకు తీసుకునేది గది కాదు, ఒక మంచం మాత్రమే. చాలా గదుల్లో మంచం మీద మంచం ఉంటుంది. ఒకరు రాత్రి డ్యూటీ ముగించి వచ్చి పడుకుంటారు. అప్పుడే పక్కవాడి అలారం మోగుతుంది. ఇంకొకరు లైటు వేస్తారు. కరీంనగర్‌లో ఉదయం 6 అయితే డేరాలో ఇంకా 4:30. అమ్మ ప్రేమతో చేసిన ఫోన్ గదిలో అందరినీ లేపుతుంది.

మీకు ఇది పూర్తిగా కొత్త కథ కాదు. ఫిజీ చెరకు తోటల్లో మన పెద్దలు ఉన్న 'లైన్లు' గుర్తు చేసుకోండి. ఒక్కో గది 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. అందులో ముగ్గురు మగవాళ్లు. మనిషికి దక్కింది సుమారు 23 చదరపు అడుగులు. నేటి ఉద్యోగం గిర్మిట్ కాదు. కార్మికుల వసతిలో మనిషికి కనీసం 3 చదరపు మీటర్లు, అంటే 32 చదరపు అడుగులు ఉండాలని ఎమిరేట్స్ నియమం. అద్దె గదుల మీద కూడా తనిఖీలు జరుగుతున్నాయి. 2025 జూన్‌లో దుబాయ్ మునిసిపాలిటీ అనుమతి లేని పార్టిషన్ల మీద చర్యలు తీసుకుంది. రిగ్గా, మురక్కబాత్‌లలో కూడా. ప్రాణభద్రతకు అది అవసరమే. కానీ చిన్న జీతానికి మరో గది వెతకడం తేలిక కాదు.

పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలని వైద్యులు అంటారు. వరుసగా 17 గంటలు మేలుకుంటే, కొంచెం మద్యం తాగినట్టే మనిషి చురుకుదనం తగ్గుతుంది. కునికిపాట్లు పడేవాడు లెక్క తప్పుతాడు, నిచ్చెన మీద కాలు జారతాడు. యజమాని దాన్ని బద్ధకం అనుకుంటాడు. అసలు కారణం గదిలో ఉంది.

విశ్రాంతి కూడా చట్టంలోకి ఎక్కగలదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు, మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా అక్కడ ఎండలో పని చేయించకూడదు. వేసవి మధ్యాహ్నపు విరామం 2005 నుంచి ఉంది. రాత్రి నిద్ర మీద కూడా అలాంటి శ్రద్ధ కావాలి. ఒకే షిఫ్టు వాళ్లను ఒకే గదిలో ఉంచాలి. షిఫ్టు మార్చేముందు కొన్ని రోజులు ముందుగా చెప్పాలి. మంచానికో తెర కట్టాలి. బస్సులో గడిచే సమయాన్ని విశ్రాంతిగా లెక్కపెట్టకూడదు. వీటికి పెద్ద ఖర్చు కాదు. పని మాత్రం మెరుగవుతుంది.

మీరు డేరా వెళ్లినప్పుడు తెలుగు మాట్లాడే అన్న ఎవరైనా కనిపిస్తే, 'భోంచేశావా అన్నా?' అని మామూలుగా అడుగుతారు కదా. ఆ తర్వాత ఇంకో మాట కూడా అడగండి: 'రాత్రి నిద్ర పట్టిందా?'